సియెర్రా కౌంటీ బంగారు గనుల దారి: పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారా?

కుప్పం_ఫ్రీమాంట్ | జూన్ 14

అందరికీ నమస్కారం. మా అమ్మ, నాయన మే నెలలో ఫ్రీమాంట్ వచ్చారు, అక్టోబరు దాకా ఉంటారు. గోల్డెన్ గేట్ చూపించాం, మాంటెరే తీసుకెళ్లాం, మాల్స్ తిప్పాం. నాయన మా తృప్తి కోసం బాగుంది అంటారు. కారు దిగగానే కూర్చోవడానికి బెంచీ వెతుక్కుంటారు.

మొన్న భోజనాల దగ్గర మా పాప స్కూల్లో చెప్పిన గోల్డ్ రష్ (బంగారం కోసం జనం ఎగబడిన కాలం) పాఠం గురించి మాట్లాడుతోంది. తను నాలుగో తరగతి. నాయన కంచం పక్కకి జరిపి, "ఎంత లోతు తవ్వినారు? రాయిలో దొరికిందా, ఇసకలో దొరికిందా?" అని అడిగారు. పాపకి తెలియదు. పదకొండేళ్లుగా ఇక్కడున్న నాకూ తెలియదు.

మా నాయన 1978లో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో చేరి, 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడేదాకా అండర్‌గ్రౌండ్‌లో పని చేశారు. ఇరవై మూడేళ్లు. ఇంట్లో ఆ పని గురించి ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మొన్న మాత్రం ఆయన ముఖంలో వెలుగు చూశాను.

మన కాలిఫోర్నియాలోనే సియెర్రా కౌంటీ అనే చిన్న కొండ కౌంటీ ఉందని, మొత్తం జనాభా 3,200 ఉంటుందని, పాత గనులు, మిల్లులు ఇంకా ఉన్నాయని చదివాను. జులై రెండో వారంలో రెండు రాత్రులు వెళ్దామని. నాయనకి 68, మోకాళ్ల నొప్పి. అర మైలు నడుస్తారు, మెట్లు కష్టం. అమ్మ బయట తినదు. వెళ్లొచ్చినవాళ్లు దారి చెప్పండి.

రెనో_డ్రైవర్ | జూన్ 14

బ్రో, పెద్దవాళ్లతో ఆ రోడ్డు వద్దు. నెవాడా సిటీ దాటాక హైవే 49 అంతా మలుపులే. ఫోన్ సిగ్నల్ ఉండదు. టాహో వెళ్లండి, లేక్ ఒడ్డున కూర్చోబెట్టండి, హాయిగా ఉంటుంది.

ఫోల్సమ్_వదిన | జూన్ 15

తమ్ముడూ, తప్పకుండా తీసుకెళ్లు. టాహో ఎక్కడికీ పోదు. మలుపుల సంగతి నిజమే, అందుకే ఒకేరోజు అంతా పెట్టుకోకూడదు. మా మామగారిని 74 ఏట తీసుకెళ్లాం. మేం చేసింది చెప్తాను.

మొదటిరోజు పొద్దున్నే బయల్దేరి, శాక్రమెంటో మీదుగా ఆబర్న్, అక్కణ్ణించి 49 మీద గ్రాస్ వ్యాలీ. అది నెవాడా కౌంటీ, మీరు చెప్పే సియెర్రా కౌంటీ ఇంకా పైన. కానీ ఎంపైర్ మైన్ అనే పాత బంగారు గని అక్కడే ఉంది. మీ నాయనగారికి అదే ముందు చూపించాలి. రాత్రికి గ్రాస్ వ్యాలీలోనో నెవాడా సిటీలోనో పడుకోండి.

రెండోరోజు 49 మీద ఉత్తరానికి. క్యాంప్టన్‌విల్, డౌనీవిల్, సియెర్రా సిటీ. ఆపుకుంటూ వెళ్లండి. పాపని ముందే కడుపునిండా తిననివ్వద్దు, మా చిన్నాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. నెవాడా సిటీలోనే పెట్రోల్ ఫుల్ చేయించండి, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. సియెర్రా సిటీలో వంటగది ఉన్న క్యాబిన్ ఇప్పుడే బుక్ చేయండి, ఉన్నవే కొద్ది.

మూడోరోజు వచ్చిన దారినే వెనక్కి రావద్దు. బాసెట్స్ దగ్గర గోల్డ్ లేక్ రోడ్డు ఎక్కితే సార్డీన్ లేక్, గోల్డ్ లేక్ చూసుకుని గ్రేయాగిల్ చేరతారు. అక్కణ్ణించి 89 మీద ట్రకీ, అక్కడ 80 ఎక్కి ఇంటికి. మలుపులు ఒకవైపే పడతాయి. ఆ గోల్డ్ లేక్ రోడ్డు చలికాలంలో మంచుకి మూసేస్తారు, జులైలో ఇబ్బంది లేదు.

తిండి: పులిహోర, చపాతీలు మొదటిరోజుకి. రైస్ కుక్కర్, పచ్చడి, పెరుగు ఐస్‌బాక్స్‌లో. వచ్చేప్పుడో పోయేప్పుడో మేరీస్‌విల్ వైపు నుంచి హైవే 20 దారి పట్టుకుంటే యూబా సిటీ గురుద్వారాలో లంగర్, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనం ఉంటుంది. పంజాబీ రైతు కుటుంబాలు వందేళ్లుగా ఉన్న ఊరు అది. మా అత్తగారు అక్కడి రోటీ, పప్పు తిని మూడు రోజులు దాని గురించే చెప్పారు.

నది దగ్గర జాగ్రత్త. జులైలో కూడా యూబా నీళ్లు మంచు కరిగినవే. చూస్తే మోకాలి లోతు అనిపిస్తుంది, లాగేస్తుంది.

బండరాయి | జూన్ 15

జియాలజీ చదివినవాణ్ణి, మీ నాన్నగారి ప్రశ్న చూసి ఆగలేకపోయాను. జవాబు: రెండూ. ముందు ఇసకలో, తర్వాత రాయిలో. మధ్యలో ఇంకో దశ ఉంది, అది కోలార్‌లో లేనిది.

1848 జనవరి 24న కొలోమాలో రంపపు మిల్లు కోసం తవ్విన కాలవలో జేమ్స్ మార్షల్ కంట్లో పడింది మొదటి బంగారం. మరుసటేడు, 1849లో, జనం విరుచుకుపడ్డారు. ఆ ఊళ్లన్నిటినీ కలిపే రోడ్డుకి 49 నంబరు అందుకే. వాళ్లు మొదట చేసింది ఏటి పని. పళ్లెంలో ఇసక, నీళ్లు పోసి తిప్పితే బరువైన బంగారం అడుగున నిలుస్తుంది. మన దగ్గర కంసాలి వీధుల్లో దుమ్ము కడిగి బంగారు రవ్వలు తీసేవాళ్లని జలగడుగువాళ్లు అనేవారు. అదే పని, ఇక్కడ ఏరు మొత్తం మీద చేశారు.

కొద్ది ఏళ్లలోనే సులువుగా దొరికే ఏటి బంగారం తగ్గిపోయింది. అప్పుడు చూపు కొండల మీదకి మళ్లింది. కోట్ల సంవత్సరాల కిందట అక్కడ పారిన నదులు వదిలిన గులకరాళ్ల పొరలు ఇప్పుడు కొండల నెత్తిన ఉన్నాయి, వాటిలోనూ బంగారం ఉంది. పారతో ఎంత తవ్వుతారు? 1853లో నెవాడా సిటీ దగ్గర ఎడ్వర్డ్ మాటెసన్ గొట్టంతో నీళ్లు కొట్టి గట్టు కూల్చడం మొదలుపెట్టాడు. తర్వాత అది ఫిరంగి సైజు ఇనప గొట్టం అయింది, దాన్ని మానిటర్ అంటారు. కొండకి కొండే బురదై కిందికి పారేది. మలకాఫ్ డిగ్గిన్స్ స్టేట్ పార్కులో ఆ గొయ్యి ఇప్పటికీ ఉంది, మైలుకు పైగా పొడవు, 600 అడుగుల దాకా లోతు. ఎర్ర, తెల్ల గోడలు చూడ్డానికి అందంగా ఉంటాయి, కానీ అది మనిషి చేసిన గాయం.

ఆ మట్టి ఎక్కడికి పోయింది? యూబా నదిలోకి. నది అడుగు ఎత్తెక్కి కింద మేరీస్‌విల్ వైపు పొలాలు, ఊళ్లు మునిగాయి. రైతులు కోర్టుకెళ్లారు. 1884 జనవరిలో జడ్జి లోరెంజో సాయర్ ఆ మట్టిని నదిలోకి వదలకూడదని తీర్పిచ్చాడు. అమెరికాలో పర్యావరణం గురించి వచ్చిన తొలి పెద్ద తీర్పుల్లో అదొకటి. వదిన గారు చెప్పిన లంగర్ తిని ఈ దారిన పైకి వెళ్తే, ముందు మునిగిన పొలాలు, తర్వాత కూలిన కొండ, వరసగా చూసినట్టవుతుంది.

మూడోది మీ నాన్నగారి పని: రాయి. ఎంపైర్ మైన్ 1850 నుంచి 1956 దాకా నడిచింది. 367 మైళ్ల సొరంగాలు, 58 లక్షల ఔన్సుల బంగారం, అంటే దాదాపు 180 టన్నులు. కోలార్‌లో 120 ఏళ్లలో 800 టన్నులు అంటారు, కాబట్టి నాన్నగారు గర్వంగానే చూడొచ్చు.

ఇంకో బంధుత్వం ఉంది. గ్రాస్ వ్యాలీలో రాయి తవ్వినవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన కార్నిష్ గనివాళ్లు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలార్‌లో పని మొదలుపెట్టినప్పుడు తెచ్చుకున్నదీ వాళ్లనే. గని పెద్దని కెప్టెన్ అనడం వాళ్ల అలవాటు. నాన్నగారిని అడిగి చూడండి.

కుప్పం_ఫ్రీమాంట్ | జూన్ 16

బండరాయి గారూ, మీ పోస్టు నాయనకి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నారు. కెప్టెన్ మాట అడిగితే నవ్వారు. "మా రోజులకి ఆ మాట పోయింది, మాకు పని నేర్పిన ముసలి మేస్త్రీలు అనేవాళ్లు. తెల్లోళ్ల మాట అనుకున్నా, ఏ ఊరి మాటో తెలీదు" అన్నారు. వెళ్లడం ఖాయం. వదినా, క్యాబిన్ బుక్ చేశాను.

పాప ఏట్లో బంగారం కడగాలని ఒకటే గోల. అక్కడ చేయనిస్తారా?

అల్మడెన్_వాకర్ | జూన్ 16

చేతిపళ్లెంతో సరదాగా కడుక్కోవడానికి టాహో నేషనల్ ఫారెస్ట్‌లో మామూలుగా అభ్యంతరం ఉండదు. కానీ చాలా చోట్ల నది ఒడ్డు మీద వేరేవాళ్ల మైనింగ్ క్లెయిమ్‌లు (తవ్వుకునే హక్కులు) ఉంటాయి, బోర్డు చూసుకుని దిగాలి. డౌనీవిల్ ఊళ్లో అడిగితే ఎక్కడ కడగొచ్చో చెప్తారు. మోటారు పెట్టి నది అడుగు పీల్చే సక్షన్ డ్రెడ్జింగ్ మాత్రం కాలిఫోర్నియాలో 2009 నుంచి ఆపేశారు.

ఒక మాట చెప్పాలి, భయపెట్టడానికి కాదు. ఇసకలో వెండిలా మెరిసే బొట్టు కనబడితే పాపని ముట్టుకోనివ్వద్దు. అది పాదరసం. బంగారం పాదరసానికి అంటుకుంటుంది కాబట్టి మట్టి పారే చెక్క కాలవల్లో పాదరసం పోసేవాళ్లు. సుమారు కోటి పౌన్ల పాదరసం అలా కాలిఫోర్నియా ఏర్లలో, మట్టిలో కలిసిపోయిందని లెక్క. ఇప్పటికీ కింది చెరువుల్లో కొన్ని చేపలు తినొద్దని హెచ్చరికలు ఉంటాయి. నీళ్లలో చేతులు పెట్టినంత మాత్రాన ఏమీ కాదు, తర్వాత సబ్బుతో కడుక్కుంటే చాలు.

ఆ పాదరసంలో చాలాభాగం ఎక్కడిదో తెలుసా? మన శాన్ హోసేది. న్యూ అల్మడెన్ గనులు. నేను ప్రతి ఆదివారం నడిచే అల్మడెన్ క్విక్‌సిల్వర్ పార్కు ఆ గనుల కొండే. అక్కడ వందల మంది తెలుగువాళ్లు వాకింగ్ చేస్తుంటారు, కాళ్ల కింద ఏముందో చెప్పే బోర్డు దగ్గర ఎవరూ ఆగరు. ఊరెళ్లే ముందు శనివారం నాయనగారిని అక్కడికి తీసుకురండి. ఫ్రీమాంట్ నుంచి ముప్పావుగంట. కథ అక్కడ మొదలుపెడితే బాగుంటుంది.

వరంగల్_సైక్లిస్ట్ | జూన్ 17

డౌనీవిల్ నాకు ప్రాణం. సైకిల్ తొక్కేవాళ్లకి ఆ ఊరు తీర్థం లెక్క. సియెర్రా బ్యూట్స్ వైపు నుంచి ఊళ్లోకి దిగే ట్రెయిల్ కోసం దేశమంతటి నుంచి వస్తరు. ఒకప్పుడు గనివాళ్లు, వాళ్ల కంచరగాడిదలు నడిచిన బాటలే చాలావరకు.

ఊరు డౌనీ నది, నార్త్ యూబా కలిసే చోట ఉంది. ఇప్పుడు 300 మంది ఉంటరేమో, 1851లో 5,000 మంది ఉండేవాళ్లట. హైవే వంతెన కూడా ఒకే లేన్, ఎదుటి కారు వస్తే ఆగి ఇవ్వాలె. విలియం డౌనీ అనే స్కాట్లండ్ ఆయన 1849లో వచ్చిండు. ఆయనతో వచ్చినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి నావికులు. చేప ఉడకబెట్టిన గిన్నె అడుగున బంగారం రవ్వలు కనబడ్డయని ఊళ్లో కథ చెప్తరు.

మ్యూజియం చూడండి, 1852లో కట్టిన రాతి ఇల్లు, మొదట్ల చైనీయుల దుకాణం. మౌంటెన్ మెసెంజర్ అని వారపత్రిక ఉంది, 1853 నుంచి వస్తోంది. 2020లో మూసేస్తమంటే ఊళ్లో రిటైరైన పెద్దాయన ఒకరు తన డబ్బుతో కొని నడిపిండు. మా బాపు వచ్చినప్పుడు ఒక కాపీ కొనిచ్చిన, ఇంటికి తీసుకుపోయి దాచుకున్నడు.

కోర్టు పక్కన ఉరికొయ్య ఉంది, అసలుదే. 1885లో కట్టి ఒక్కసారే వాడిండ్రు. పాపకి భయమైతే అటు పోకండి.

నెమ్మది_ప్రయాణం | జూన్ 17

ఉరికొయ్య చూపించకపోయినా ఫర్వాలేదు, కానీ హొసేఫా గురించి పెద్దవాళ్లయినా తెలుసుకుని వెళ్లాలి. ఆ ఊళ్లో 1851 జులై 5న ఒక మెక్సికన్ స్త్రీని వంతెన మీంచి ఉరి తీశారు. ముందురోజు జులై 4 పండగ. రాత్రి తాగిన గుంపు ఊరి మీద పడింది, కానన్ అనే గనివాడు ఆమె ఇంటి తలుపు విరగ్గొట్టాడు. పొద్దున మళ్లీ గొడవైంది, ఆమె కత్తితో పొడిచింది, అతను చనిపోయాడు. గుంపే కోర్టు పెట్టింది, గుంపే తీర్పు చెప్పింది. ఆమె గర్భవతి అని ఒక డాక్టర్ చెప్పినా వినలేదు. ఆ రోజే అయిపోయింది. ఆమె ఇంటిపేరేమిటో కూడా చరిత్రలో సరిగ్గా నిలవలేదు.

నేను చైనీయుల గురించి కూడా చెప్తాను. 1850లో పరదేశి గనివాళ్ల మీద నెలకి 20 డాలర్ల పన్ను పెట్టారు. అది తీసేసి 1852లో మళ్లీ 3 డాలర్లు పెట్టారు, ఎక్కువగా చైనీయుల దగ్గర వసూలు చేశారు. ఇంకా ముందు, ఈ నేల నిసెనన్, మైదు, వాషో జనాలది. 1848లో కాలిఫోర్నియాలో లక్షన్నర దాకా ఉన్న మూలవాసులు 1870 నాటికి 30 వేలకి పడిపోయారు. వీసా మీద ఈ దేశంలో బతుకుతున్న మనం ఆ పన్ను సంగతి దగ్గర కాసేపు ఆగాలని నా అభిప్రాయం.

రెనో_డ్రైవర్ | జూన్ 18

నెమ్మది గారూ, అన్నీ నిజమే కావచ్చు. ముసలాయన విహారానికి వస్తున్నారు, ఇన్ని కన్నీళ్లు ఎందుకు?

ఫోల్సమ్_వదిన | జూన్ 18

రెనో గారూ, ఇరవై మూడేళ్లు భూమి కింద పని చేసిన మనిషికి మనం దాచాల్సింది ఏముంటుంది? మా మామగారు స్కూలు మాస్టారు. హొసేఫా సంగతి విని వంతెన మీద చెప్పులు విప్పి నిలబడ్డారు. అది కూడా ఆయన యాత్రే.

రెనో_డ్రైవర్ | జూన్ 19

మీ మాట ఒప్పుకుంటాను వదిన గారూ. నాకు తెలిసింది ఒకటి చెప్తా, పనికొస్తుంది. డౌనీవిల్ 3,000 అడుగుల లోపు, సియెర్రా సిటీ 4,000 దాటుతుంది, గోల్డ్ లేక్ 6,000 పైన. గని పని చేసినవాళ్లకి ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము ఉండొచ్చు. ముందు డాక్టర్‌కి చూపించి అడగండి. పైన నెమ్మదిగా నడిపించండి, ఆయాసం వస్తే కిందికి దిగిపోండి. సియెర్రా బ్యూట్స్ లుకౌట్ అందరూ వెళ్లమంటారు, 8,500 అడుగుల పైన, చివర్లో దాదాపు 180 ఇనప మెట్లు. ఆయనతో వద్దు. సార్డీన్ లేక్ ఒడ్డు నుంచి చూస్తే ఆ కొండ మొత్తం నీళ్లలో కనబడుతుంది, కారు దిగి పది అడుగులు.

బండరాయి | జూన్ 19

సియెర్రా సిటీలో కెంటకీ మైన్ మ్యూజియం వదలొద్దు. వేసవిలోనే తెరుస్తారు, ఏ రోజుల్లో ఉందో ఫోన్ చేసి కనుక్కోండి. రాతిని దంచి పిండి చేసే పది స్టాంపుల మిల్లు దాదాపు ఉన్నదున్నట్టు నిలబడి ఉంది, అలాంటివి చాలా తక్కువ.

దారిలో క్యాంప్టన్‌విల్ వస్తుంది. ఈ వేదికలో చాలామంది బీటెక్‌లో హైడ్రాలిక్ మెషీన్స్ ల్యాబ్‌లో పెల్టన్ వీల్ (నీటి ధారతో తిరిగే చక్రం) రీడింగులు తీసుకున్నవాళ్లే. ఆ చక్రం కనిపెట్టిన లెస్టర్ పెల్టన్ ఆ ఊళ్లోనే మిల్లులు బాగుచేసే పని చేసేవాడు, 1880లో పేటెంట్ వచ్చింది. గనుల మిల్లులు తిప్పడానికే పుట్టింది అది. గ్రాస్ వ్యాలీలో నార్త్ స్టార్ పవర్‌హౌస్‌లో 30 అడుగుల చక్రం ఉంది. ల్యాబ్‌లో మనం చూసింది సైకిల్ చక్రమంత కూడా ఉండదు!

కుప్పం_ఫ్రీమాంట్ | జులై 20

వెళ్లొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. కొంచెం పెద్ద పోస్టు.

డాక్టర్ సరే అన్నారు. అల్మడెన్ గారి మాట మీద ముందు శనివారం క్విక్‌సిల్వర్ పార్కుకి వెళ్లాం. నాయన ఎర్రటి రాతిని చూసి, "పాదరసం రాయి ఇట్లుంటుందా, మేం సీసాల్లోనే చూసినాం" అన్నారు.

ఎంపైర్ మైన్‌లో షాఫ్ట్, అంటే గనిలోకి దిగే దారి, దగ్గరికి కొన్ని మెట్లు దిగాలి. వద్దంటే వినలేదు, రైలింగ్ పట్టుకుని దిగారు. షాఫ్ట్ నిలువుగా కాదు, వాలుగా చీకట్లోకి దిగుతుంది. నాయన చాలాసేపు చూసి, "రీఫ్ (బంగారం ఉన్న రాతి పొర) వాలుగా పోయింటుంది, దాని వెంటే దిగినారు" అన్నారు. అక్కడ బోర్డు మీదా అదే రాసి ఉంది.

లోపల సొరంగాలన్నిటికీ చేసిన పెద్ద నమూనా ఉంది. సన్నటి తీగల్లా లెవెల్స్ (అంతస్తుల్లా అడ్డంగా తవ్విన సొరంగాలు), షాఫ్టులు. దాని ముందు నలభై నిమిషాలు నిలబడ్డారు. పాపకి ఏది లెవెల్, ఏది రాయి తీసిన ఖాళీ, గాలి ఎటు నుంచి ఎటు పోతుంది, నీళ్లు ఎక్కడ తోడాలి అని వేలుతో చూపిస్తూ చెప్పారు. పక్కన ఇంకో కుటుంబం ఆగి వింది. అక్కడి వాలంటీర్ పెద్దావిడ వచ్చి ఏం చెప్తున్నారని అడిగితే నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన మూడు కిలోమీటర్ల లోతున్న గనుల నుంచి వచ్చారంటే ఆవిడ కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. వేడెంత? రాతి వేడి అరవై డిగ్రీలు దాటేది, చల్లగాలి కిందికి పంపేవాళ్లు. భయం వేసేదా? "రాయి ముందే చెప్తుంది. గుంజలు కిర్రుమంటాయి, పెళ్ళలు రాలుతాయి. చెవి అటు పెట్టి పని చేయాల. బయట ఎంత మాట్లాడినా, కింద మేం ఎక్కువ మాట్లాడుకోం" అన్నారు. ఇది నేను తర్జుమా చేస్తూ మొదటిసారి విన్నాను. ఇన్నేళ్లూ ఇంట్లో ఆయన తక్కువ మాట్లాడతారంటే అది స్వభావం అనుకున్నాను.

గ్రాస్ వ్యాలీలో కార్నిష్ పాస్టీ అమ్ముతారు, కూరగాయలది దొరికింది. అమ్మ చేతిలోకి తీసుకుని, "ఇది పెద్ద కజ్జికాయ" అంది. గనివాళ్లు దాని అంచు పట్టుకుని తినేవాళ్లని అక్కడ చెప్పారు. నాయన క్యారియర్‌లో రాగి సంగటి, చట్నీ తీసుకుపోయేవారు. "చేతులు కడుక్కునే నీళ్లకి ఇబ్బందైన రోజు మాకూ ఇట్లాంటిది ఉంటే బాగుండు" అన్నారు.

49 మలుపుల్లో అమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. నాలుగుసార్లు ఆగాం. డౌనీవిల్‌లో వంతెన మీద నిలబడి హొసేఫా సంగతి అమ్మకి చెప్పాను. పాప నది చూస్తోంది, దానికి కొంచెమే చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం క్యాబిన్‌లో దీపం లేదు కాబట్టి ఫోన్‌లో దీపం బొమ్మ పెట్టి దండం పెట్టుకుంది.

ఏట్లో కడగడం గురించి. పాప, నేను గంటసేపు పళ్లెం తిప్పాం, నల్ల ఇసక తప్ప ఏమీ రాలేదు. అమ్మ కాసేపు చూసి పళ్లెం లాక్కుంది. చాటలో బియ్యం చెరిగినట్టు మణికట్టుతో ఎగరేసి, అంచుకి జరిపి, మళ్లీ వెనక్కి లాగి... పావుగంటలో రెండు రవ్వలు! ఆవగింజలో సగం కూడా ఉండవు. చిన్న సీసాలో నీళ్లు పోసి పాపకి ఇచ్చింది. పక్కన కడుగుతున్న స్థానికుడు వచ్చి అమ్మ చేతులు ఎలా తిప్పుతోందో వంగి చూశాడు.

కెంటకీ మైన్ మిల్లులో మెట్లు ఉన్నాయి. నాయన ఒక్కో మెట్టు మీద ఆగి ఎక్కారు. ఆ రోజు మిల్లు తిప్పలేదు. పది స్టాంపులు వరసగా నిలబడి ఉన్నాయి. పాపకి ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే ఆయనే, "రోలు, రోకలి. పది రోకళ్లు. పైన కడ్డీ తిరిగితే ఒక్కోదాన్ని ఎత్తి వదిలేస్తుంది. రాయి పిండైతే నీళ్లతో కలిసి ఈ రాగిరేకు మీదికి పారుతుంది, రేకు మీద పాదరసం, బంగారం దానికి అతుక్కుంటుంది" అని చెప్పారు. గైడ్ అమ్మాయి అదే ఇంగ్లీషులో చెప్పింది. కోలార్‌లో ఆయన చేరేనాటికి స్టాంపులు ఆగిపోయాయి, తుప్పుపట్టి పక్కన పడి ఉండేవట. ఆ మోత మాత్రం వాళ్ల నాయన, అంటే మా తాత, చెప్పేవాడట. రాత్రంతా మోగేదని, ఆగితే ఊరు నిద్రలేచేదని. చెక్క కమ్మీ మీద చేత్తో ఆ వరస కొట్టి చూపించారు. మా తాత కూడా గనిలో పని చేశాడని నాకు అప్పుడే తెలిసింది.

గోల్డ్ లేక్ రోడ్డు ఎంత బాగుందో చెప్పలేను. 1850లో ఒకడు బంగారు ఒడ్డున్న చెరువు చూశానని చెప్తే వేలమంది ఈ కొండల్లో వెతికారట, ఆ చెరువు దొరకలేదు. నాయనకి అక్కడ కొంచెం ఆయాసం వచ్చింది, అరగంట కూర్చుని దిగిపోయాం. రెనో గారూ, ముందే హెచ్చరించినందుకు కృతజ్ఞతలు.

మలకాఫ్ వెళ్లలేకపోయాం. అదొక్కటే లోటు.

ఫోల్సమ్_వదిన | జులై 20

రెండుసార్లు చదివాను తమ్ముడూ. అమ్మగారి చాట విద్య మా అత్తగారికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

రెనో_డ్రైవర్ | జులై 21

సెప్టెంబరులో మా అమ్మానాన్న వస్తున్నారు. ఇదే దారిన తీసుకెళ్తాను. లేబర్ డే దాటాక కెంటకీ మైన్ తెరిచి ఉంటుందా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

బండరాయి | జులై 21

వేసవి దాటితే నమ్మకం లేదు, ఫోన్ చేయండి. ఎంపైర్ మాత్రం ఉంటుంది. పొగ కూడా చూసుకోండి, ఆగస్టు, సెప్టెంబరుల్లో అడవి మంటల కాలం.

మారికుప్పం_మనవరాలు | జులై 23

ఈ వేదికలో ఇదే నా మొదటి పోస్టు. డాలస్ నుంచి రాస్తున్నాను. మా తాతయ్య కూడా గోల్డ్ ఫీల్డ్స్‌లోనే, మారికుప్పం లైన్లలో ఉండేవాళ్లం. నాకు ఆరేళ్లప్పుడు గనులు మూసేశారు, మేం బెంగళూరు వెళ్లిపోయాం. తాతయ్య పోయిన ఏడాది చనిపోయారు. సయనైడ్ దిబ్బల (బంగారం తీసేశాక పోసిన రాతిపిండి గుట్టలు) మీద సాయంత్రాలు జారి ఆడుకోవడం తప్ప నాకేమీ గుర్తులేదు. ఆయన రోజూ ఏం చేసేవారో అడగలేదు. అన్నా, మీ నాయనగారితో ఒక్కసారి మాట్లాడొచ్చా? ఇంజను ఇంట్లో వైండర్, అంటే గనిలోకి మనుషుల్ని దించే లిఫ్టు (కేజ్) యంత్రం, నడిపేవారని మాత్రం తెలుసు.

కుప్పం_ఫ్రీమాంట్ | జులై 23

అడిగానమ్మా. వైండర్ అనగానే లేచి కూర్చున్నారు. "మమ్మల్ని కిందికి దించి మళ్లీ పైకి తెచ్చేది వాళ్లే. వాళ్ల చెయ్యి మాకు తెలుసు, ఎవరు నడుపుతున్నారో కేజ్ దిగే తీరులోనే తెలిసిపోయేది" అన్నారు. ఆదివారం పొద్దున పది గంటలకి, మా టైమ్, ఫోన్ చేయమంటున్నారు. నంబరు మెసేజ్‌లో పంపాను. తాతయ్య ఏ షాఫ్ట్‌లో పని చేశారో ఇంట్లో పెద్దవాళ్లని కనుక్కుని ఉంచు, ముందు అదే అడుగుతారు.